ఆ కోడిగుడ్డు చక్రం పారేయకురా

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బాబ్జీ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట విన్న దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. మీ బావ షెడ్డులో దొరికిన పాత గేరు సైకిల్ బాగానే ఉంది గానీ పెడల్ దగ్గర పళ్ళ చక్రం వంకరపోయింది, తీయించేసి మామూలుది వేయించేస్తాను అన్నావు. నేను ఆగరా ఆగరా అంటూనే ఉన్నాను, నీ బస్సు ఘాట్‌లోకి దిగినట్టుంది, ఫోన్ కట్టయిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ చక్రం వంకరపోలేదురా. అది పుట్టడమే కోడిగుడ్డులా పుట్టింది. ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు.

నాకెలా తెలుసంటావా? ఓడలో పనిచేసిన మా చిన్న మావయ్య జపాన్ నుంచి తెచ్చుకున్న సైకిల్ గుర్తుందా? నీలం రంగుది, సన్న గొట్టాలది. మన చిన్నప్పుడు దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక చాలా ఏళ్ళు అటక మీదే ఉండిపోయింది. రెండేళ్ళ కిందట దింపి, తుడిచి, టైర్లు మార్పించి, బజార్లో ఒక షాపుకి తీసుకెళ్ళాను. ఆ మెకానిక్ పెడల్ రెండు తిప్పులు తిప్పి "చక బంకా" (చక్రం వంకర) అని ఒడియాలో ఒక్క మాట అని సుత్తి అందుకున్నాడు. కొట్టి గుండ్రం చేస్తానన్నాడు! నేను అడ్డం పడి సైకిల్ లాక్కున్నాను. అప్పటికి నాకూ దాని సంగతి తెలీదు. మావయ్య వస్తువు మీద సుత్తి దెబ్బ పడడం ఇష్టం లేక, అంతే. ఇంటికొచ్చి కిరసనాయిల్ గుడ్డతో చక్రం తుడిస్తే జిడ్డు కింద అక్షరాలు కనిపించాయి, బయోపేస్ అని.

సైకిల్ భాగాలు చేసే జపాన్ కంపెనీ షిమానో 1983లో దించిందిరా దీన్ని. ఎనభైల్లో టూరింగ్ సైకిళ్ళకీ, కొత్తగా వస్తున్న మౌంటెన్ బైకులకీ ఎక్కడ చూసినా ఇదే. మావయ్య దానికి మూడు చక్రాలు, 48, 38, 28 పళ్ళవి. మూడూ గుండ్రం కావు. నీ సైకిల్‌కీ మూడే ఉన్నాయన్నావు కదా, ఒకసారి పళ్ళు లెక్కపెట్టు.

ఇప్పుడు అసలు విషయం. మనం పెడల్ తొక్కేటప్పుడు బలమంతా కాలు ముందుకు చాచి కిందికి తోసే చోటే ఉంటుంది. ఒక కాలు పైన, ఒక కాలు కింద నిలువుగా ఉన్నప్పుడు ఎంత తోసినా సైకిల్‌కి అందేది దాదాపు ఏమీ ఉండదు. గుండ్రటి చక్రానికి ఈ తేడా పట్టదు, చుట్టూ ఒకే బరువు. కోడిగుడ్డు చక్రం ఆ బరువుని చుట్టులో అక్కడా ఇక్కడా సర్దుతుంది. పళ్ళు 38 అంటే 38 లింకులే లాగుతుంది, ఒక చుట్టుకి వెళ్ళే దూరం మారదు. ఆ చుట్టు లోపల ఎక్కడ తేలిక, ఎక్కడ బరువు అన్నదే మారుతుంది.

ఇక్కడే నేను చాలా రోజులు తప్పుగా అనుకున్నాను. బలం లేని చోట తేలిక చేస్తుంది, బలమున్న చోట బరువు పెడుతుంది అనుకున్నాను. ఇప్పుడు రేసుల్లో వాడేవి అలాంటివే. 2012లో బ్రాడ్లీ విగ్గిన్స్ టూర్ ద ఫ్రాన్స్ గెలిచింది ఆ రకం చక్రం మీదే, ఆ తర్వాతి ఏడాది క్రిస్ ఫ్రూమ్ కూడా. బయోపేస్ దానికి పూర్తిగా వ్యతిరేకం! దీని లావు వైపు దాదాపు క్రాంక్ (పెడల్‌ని చక్రానికి కలిపే కడ్డీ) వెంబడే ఉంటుంది. అంటే కాలు గట్టిగా తోసే చోట చక్రం పైన గొలుసు కిందికి సన్న వైపు వస్తుంది, అక్కడ తేలిక, నిలువుగా ఉన్న చోట బరువు. పిచ్చి పనిలా అనిపిస్తుంది కదా? నాకూ అలాగే అనిపించింది, మా అమ్మమ్మ తిరగలి గుర్తొచ్చే దాకా.

ఉలవలు విసిరేటప్పుడు చూశావు కదా. పిడి పట్టుకుని తన వైపు లాగుతుంది, అవతలికి తోస్తుంది. ఈ రెండింటి మధ్య చెయ్యి మలుపు తిరిగే చోట అమ్మమ్మ బలమేమీ పెట్టదు. రాయి తన ఊపుతో తనే దాటిపోతుంది. బయోపేస్ వాళ్ళు నమ్ముకున్నది ఆ ఊపునే. తొడ, పిక్క, పాదం, అన్నీ బరువున్నవే, కిందికి దిగేటప్పుడు ఊపు పుంజుకుంటాయి. తోసే చోట చక్రం తేలిగ్గా ఉంటే కాలు చురుగ్గా దిగుతుంది, ఆ ఊపే నిలువు చోటుని దాటిస్తుంది, మోకాలి మీద ఒక్కసారిగా బరువు పడదు. తీరుబడిగా తొక్కే మామూలు మనుషుల కోసం చేసిన చక్రం అది. నిమిషానికి తొంభై, వంద చుట్లు తిప్పే రేసు వాళ్ళకి ఆ ఎగుడు దిగుడు నచ్చలేదు. వాళ్ళకి నచ్చనిది బజార్లో ఎన్నాళ్ళు నిలుస్తుంది? తొంభైల మొదట్లోకి వచ్చేసరికి మళ్ళీ అన్నీ గుండ్రమే. నా మటుకు నాకు ఇది అన్యాయం అనిపిస్తుందిరా. అమెరికాలో షెల్డన్ బ్రౌన్ అని పేరున్న మెకానిక్ ఉండేవాడు, 2008లో పోయాడు. ఆయన మాత్రం చివరిదాకా వీటిని వెనకేసుకొచ్చాడు. ఫ్రీవీల్ లేని, అంటే బండి కదిలినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉండే సైకిల్‌కి కూడా బయోపేస్ బిగించి తిరిగాడు. వీటితో బండి వేగం పెరుగుతుందా అని చాలామంది పరీక్షలు చేశారు గానీ ఎటూ తేలలేదు. నువ్వు వేగం కోసం మాత్రం ఆశ పెట్టుకోకు.

నా సంగతి చెప్తాను. నా కుడి మోకాలి గురించి నీకు తెలుసు కదా. నాన్న సైకిల్ 48 పళ్ళ చక్రం, వెనక 18. ఒక చుట్టుకి దాదాపు 6 మీటర్లు లాగాలి. కాశీనగరం రోడ్డు మీద చదునులో ఫరవాలేదు గానీ చిన్న ఎత్తు వచ్చినా మోకాలి చిప్ప కింద సూదితో పొడిచినట్టుండేది. మావయ్య సైకిల్ 38 మీద, వెనక 28 వేసుకుంటే చుట్టుకి 2.8 మీటర్లే. సగం సుఖం దాని వల్లే, అదంతా చక్రం ఆకారం గొప్ప అని చెప్పను. కానీ చదునులో నెమ్మదిగా తొక్కుతుంటే కాలు దిగడంలో ఒక మెత్తదనం ఉందిరా. మొదటి వారం కుంటుతున్నట్టు అనిపించింది. రెండో వారం ఆ సంగతే మర్చిపోయాను. నెల తర్వాత నాన్న సైకిల్ ఎక్కితే అది కుంటుతున్నట్టనిపించింది.

ఆర్. ఉదయగిరి వైపు ఘాట్ ఎక్కినప్పుడు మాత్రం కథ మారింది. ఎత్తులో ఊపు ఎక్కడిది? 28 చక్రం మీద నిమిషానికి నలభై చుట్లు కూడా పడవు. కాలు నిలువుగా వచ్చేసరికి గోడకి తగిలినట్టు ఆగిపోయేది. రెండుసార్లు దిగి నడిచాను. చాలా బాధేసింది, మావయ్య సైకిల్ నన్ను దించేసిందని.

అప్పుడు తట్టింది. చక్రాన్ని క్రాంక్‌కి పట్టి ఉంచేవి అయిదు బోల్టులు. చుట్టు 360 డిగ్రీలు కదా, ఒక్క బోల్టు జరిపితే 72 డిగ్రీలు తిరుగుతుంది. 72 అంటే ఇంచుమించు అడ్డం తిరిగినట్టే. వ్యతిరేకంగా ఉన్న చక్రం తిన్నగా అయిపోతుంది, ఇప్పటి రేసు చక్రాల్లా. 28 చక్రానికి బోల్టులు వేరు, 38, 48లకి వేరు. అందుకని పెద్ద రెండింటినీ షిమానో పెట్టినట్టే ఉంచేసి, చిన్నదాన్ని ఒక్కదాన్నే జరిపాను. ముందుకి ఒక బోల్టు, వెనక్కి ఒక బోల్టు, రెండు విధాలా బిగించి చూశాను. పెడల్ ముందుకు చాచిన చోటు దాటి ఇంకొంచెం దిగాక లావు వైపు పైకొచ్చేలా పెట్టినప్పుడు నా కాలికి కుదిరింది. మర్నాడు పొద్దున్నే అదే ఘాట్‌కి వెళ్ళాను. ఆ గోడ లేదు. నెమ్మదిగానే, రొప్పుతూనే, కానీ దిగకుండా పైదాకా ఎక్కాను. పైన టీ కొట్టు దగ్గర కూర్చుని మావయ్యని తలుచుకుంటే కళ్ళు చెమర్చాయి.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇదీ. సైకిల్ తలకిందులుగా పెట్టి పెడల్ నెమ్మదిగా తిప్పు, పక్కనుంచి చూడు. చక్రం నిజంగా వంగితే పళ్ళు అటూ ఇటూ పక్కకి ఊగుతాయి. కోడిగుడ్డు అయితే పైకీ కిందికీ మాత్రమే కదులుతాయి, చుట్టుకి రెండుసార్లు, పద్ధతిగా. ముందు గేరు మార్చే రేకు పెద్ద చక్రానికి రాసుకుంటుంటే చక్రానిది తప్పు కాదు. లావు వైపు పైకి వచ్చినప్పుడు పళ్ళకీ రేకుకీ మధ్య బియ్యపు గింజ మందం ఖాళీ ఉండేలా రేకు పైకి జరపాలి. చాలామంది సన్న వైపు చూసి బిగిస్తారు, తర్వాత కరకరమంటుంది.

మీ నాన్నగారి పాత సైకిల్‌కి ఇది వెయ్యొచ్చా అని కూడా అడిగావు. కుదరదురా. దాని చక్రం క్రాంక్‌తో కలిపి ఒక్కటిగా వస్తుంది, కాటర్ పిన్ను కొట్టి బిగించే రకం. దాన్ని అలాగే ఉండనీ. సన్న పట్టాల (నారోగేజి) చిన్న రైలుతో పందెం వేసి నౌపడా వైపు తొక్కిన సైకిల్ అది, గుర్తుందా? ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయింది, సైకిల్ ఇంకా ఉంది. దానికి గుండ్రటి చక్రమే అందం.

అన్నట్టు కాటర్ పిన్ను అంటే జ్ఞాపకం వచ్చింది. మన వైపు మెకానిక్‌లకి క్రాంక్ అనగానే సుత్తి అలవాటు. నీ సైకిల్‌కి కాటర్ పిన్ను ఉండదు, నాలుగు పలకల ఇరుసు మీద క్రాంక్ బిగించి ఉంటుంది. దాన్ని పుల్లర్‌తోనే, అంటే క్రాంక్‌ని బయటికి లాగే పనిముట్టుతోనే ఊడదీయాలి. కొడితే లోపల బాల్స్ కూర్చునే కప్పులు దెబ్బతింటాయి.

పుల్లర్ నా దగ్గరుంది. వచ్చే ఆదివారం సైకిల్ బ్రేక్ వ్యానులో వేసుకుని గుణుపురం నుంచి పొద్దుటి రైలుకి వచ్చెయ్యి, స్టేషన్‌కి నేనొస్తాను. మీ చెల్లెమ్మ చేపల పులుసు పెడతానంది. మధ్యాహ్నానికి చిన్న చక్రం జరిపేద్దాం. వచ్చేటప్పుడు 14 నంబరు బాక్స్ స్పానర్ పట్టుకురా, నాది నోరు అరిగిపోయి జారిపోతోంది.

నీ
రాంబాబు