బీబీసీ మైక్రో తెర లోపం, వారంటీ నిరాకరణ గురించి ఫిర్యాదు

కావలి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

మీ దగ్గర రూ.28,500 పెట్టి కొన్న సెకండ్ హ్యాండ్ బీబీసీ మైక్రో, మోడల్ బి అనే పాతకాలపు కంప్యూటర్ గురించి రాస్తున్నాను. 1984-85లో పిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కింద మన బడులకు వచ్చిన మిషన్ ఇదే కదా అని మోజుపడి కొన్నాను. బిల్లు మీద ఆరు నెలల వారంటీ ఉంది, 'పరీక్షించి, సరిచేసి అమ్మినది' అని మీ ముద్ర కూడా ఉంది. కానీ మీ సర్వీసు వాళ్లు తప్పు మా టీవీదని ఒకసారి, మా ఊరి ఉప్పుగాలిదని ఇంకోసారి చెప్పి, చివరికి మూత విప్పాను కాబట్టి వారంటీ చెల్లదని తేల్చేశారు.

లోపం ఏమిటో మళ్లీ చెబుతాను, ఈసారి దయచేసి చివరిదాకా చదవండి. స్విచ్ వేయగానే అంతా బాగానే ఉంటుంది. 'బీబీసీ కంప్యూటర్ 32కె' అని శుభ్రంగా వస్తుంది. కాసేపు నడిచి లోపల వేడెక్కాక బి ఉన్న చోటల్లా సి వచ్చి కూర్చుంటుంది. బీబీసీ కాస్తా సీసీసీ అవుతుంది. పి క్యూ అవుతుంది, 32 కాస్తా 33 అవుతుంది. ఏ, సి, ఈ మాత్రం చెక్కుచెదరవు. ఖాళీగా ఉండాల్సిన తెరంతా ఆశ్చర్యార్థకాలతో నిండిపోతుంది. మా అబ్బాయి చూసి "దానికే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది నాన్నా" అన్నాడు.

ఇందులో ఒక లెక్క ఉంది. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ఆస్కీ పద్ధతిలో బి అంటే 66, సి అంటే 67. ఖాళీ 32, ఆశ్చర్యార్థకం 33. సరి సంఖ్య ఉన్నదల్లా ఒకటి పెరుగుతోంది, బేసి సంఖ్య ఉన్నది అలాగే ఉంటోంది. అంటే ఆ సంఖ్యను 0, 1లతో రాస్తే వచ్చే చిట్టచివరి అంకె (బిట్) ఎక్కడో 1 దగ్గర ఇరుక్కుపోయింది. టీవీ పాడైతే గీతలు వస్తాయి, బొమ్మ దొర్లుతుంది, మసకబారుతుంది. అంతేగానీ బిని సి చేయడానికి టీవీకి ఏబీసీడీలు రావు. అయినా మీ మాట కాదనడం ఎందుకని ట్రంక్ రోడ్డులో ఒక రిపేర్ షాపుకు మోసుకెళ్లి పాత డబ్బా టీవీకి తగిలించి చూశాను. అక్కడా సీసీసీయే.

పోనీ మెమరీ పోయిందా అంటే అదీ కాదు. తెర మెమరీ మొదటి గడిలో 66 రాసి, తిరిగి చదివిస్తే 66 అనే చెబుతోంది, తెర మీద మాత్రం సి కనపడుతోంది. (స్విచ్ వేయగానే వచ్చే తెర పద్ధతి అయిన మోడ్ 7లో అంకెలూ మారతాయి కాబట్టి ఆ జవాబును వేరే మోడ్‌కు మార్చాక చూశాను.) లోపం వచ్చాక మోడ్ 4 అని టైప్ చేస్తే తెర మీద 4 బదులు 5 పడుతుంది. అయినా మిషన్ బుద్ధిగా మోడ్ 4లోకే వెళ్తుంది, అక్కడ ప్రతి అక్షరమూ సరిగ్గా ఉంటుంది. మోడ్ 0 నుంచి 6 దాకా తెరను గీసేది వీడియో యూఎల్‌ఏ అనే చిప్. మోడ్ 7లో అక్షరాలు గీసేది ఎస్ఏఏ5050 అనే టెలిటెక్స్ట్ చిప్. కాబట్టి తప్పు ఆ చిప్‌లోనో, దానికి ముందుండి అక్షరాల సంఖ్యలు అందించే లాచ్ అనే చిప్‌లోనో ఉంది. ఆ రెండింటిలో ఏదో స్కోప్ (విద్యుత్ సంకేతాలు చూపే పరికరం) పెట్టి తేల్చాల్సింది మీ టెక్నీషియన్.

ఇక ఉప్పుగాలి. కావలికి సముద్రం దగ్గరే, తుమ్మలపెంటకు పోయి మునిగి వస్తుంటాం కూడా. కానీ పెట్టె విప్పిన రోజే ఈ లోపం బయటపడింది. ఒక్క పూటలో చిప్పుకు ఉప్పు పట్టదు.

మూత విప్పమన్నది మీ వాళ్లే. 'ఫిక్స్ అని రాసున్న నాలుగు స్క్రూలు తీసి, సాకెట్లలో ఉన్న చిప్‌లను గట్టిగా నొక్కి చూడండి' అని మీ టెక్నీషియన్ పంపిన మెయిల్ జత చేస్తున్నాను. ఆయన చెప్పినట్టే చేశాను, ఫలితం లేదు. ఆ తర్వాత ఇంకొకాయన ఫోన్ చేసి, విప్పారు కాబట్టి మాకు సంబంధం లేదన్నాడు. మీలో మీరు మాట్లాడుకోరా?

ఒక విషయంలో మాత్రం మీ పని బాగుంది. పవర్ సప్లయ్‌లో పాత ఫిల్టర్ కెపాసిటర్లు మార్చామని బిల్లులో రాశారు. ఈ మిషన్లలో అవి పగిలి ఇల్లంతా పొగ, కంపు చేస్తాయని పేరు. ఇప్పటిదాకా అలాంటిదేమీ జరగలేదు. ఆ శ్రద్ధలో కొంచెం మోడ్ 7ను ఓ గంట నడిపి చూడటానికీ పెట్టి ఉంటే బాగుండేది.

నేను అడిగేది ఇంతే. మీ ఖర్చుతో మిషన్ తీసుకెళ్లి బాగుచేసి పంపండి, లేదా కొరియర్ ఖర్చుతో సహా నా డబ్బు వాపసు ఇవ్వండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఆ తర్వాత నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, రూ.5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు కూడా లేదు. అంతదాకా పోవాలని నాకేం సరదా లేదు.

బిల్లు, మెయిల్, రెండు టీవీల మీద తీసిన వీడియోలు జతచేశాను. మీరు పంపిన అట్టపెట్టె, థర్మకోల్ అలాగే ఉంచాను. కొరియర్ మనిషిని పంపేటప్పుడు ముందురోజు ఫోన్ చేయించండి, పగటిపూట ఇంట్లో ఎవరూ ఉండరు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
కావలి