టమాటా, మిరప నారు పెంపకందారుల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మదనపల్లె చుట్టుపక్కల షేడ్‌నెట్లలో సంఘం ఎక్కువగా పట్టించుకున్నది నారు పెంచే కోకోపీట్‌నే (కొబ్బరి పీచు పొట్టు). మొలక ఎగుడుదిగుడుగా వచ్చినా, రెండాకుల దశలో అంచులు మాడినా తప్పు విత్తనం మీదికి నెట్టడం మనకు అలవాటు. చాలాసార్లు కారణం పీట్‌లోని ఉప్పు.

అందరం పాటించాల్సిన పద్ధతి ఇది. 5 కిలోల దిమ్మకు 20 నుంచి 25 లీటర్ల నీళ్లు పోసి విప్పాలి. ఉత్త నీళ్లతో కడిగితే ఈసీ (కరిగిన ఉప్పు కొలత) తగ్గినట్టే కనిపిస్తుంది గానీ, పీట్‌ను పట్టుకున్న సోడియం అలాగే ఉండి, మొదటి ఎరువు నీళ్లు పడగానే బయటికొస్తుంది. అందుకే దిమ్మకు 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తెల్లారి మంచినీళ్లతో కడగాలి. తర్వాత ఒక వంతు పీట్‌కు ఒకటిన్నర వంతుల నీళ్లు కలిపి ఈసీ మీటర్ పెడితే 0.5 mS/cm దాటకూడదు. దాటితే మళ్లీ కడగడమే.

98 గుంతల ట్రేకు తడి పీట్ సుమారు 1.2 కిలోలు పడుతుంది. గుంతకో విత్తనం, అర సెంటీమీటరు లోతు. ట్రేలు పదేసి పేర్చి పాలిథిన్ కప్పాక టమాటాను మూడో రోజు నుంచీ విప్పి చూడాలి. మిరపకు వారం దాకా పట్టొచ్చు. ఒక్క పూట ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగుతాయి, ఆ కాడ మళ్లీ గట్టిపడదు.

నారుకుళ్లు ఈసారీ సాయంత్రం తడి పెట్టినచోటే ఎక్కువ. రాత్రంతా పీట్ పైపొర ఆరదు కదా! కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందును లీటరు నీటికి 3 గ్రాములు కలిపి పోస్తే వ్యాప్తి ఆగుతుందేగాని పడిపోయిన మొక్క లేవదు.

బాక్టీరియా ఎండు తెగులును తట్టుకునే ఉస్తి (అడవి వంకాయ జాతి) వేరుమొక్కపై టమాటా అంటు కట్టడం శిక్షణలో చూపించాం. ఉస్తి మెల్లగా మొలుస్తుంది కాబట్టి ముందుగా విత్తి, రెండు కాడల మందం కలిసినప్పుడే కోయాలి. క్లిప్ పెట్టాక అయిదు నుంచి ఏడు రోజులు నీడలో, తేమ గదిలో ఉంచాలి. బాక్టీరియా ఎండు తెగులు లేని పొలానికి ఈ ఖర్చు దండగని మా అభిప్రాయం.

జమాఖర్చులు విడిగా జతచేశాం.

టమాటా నారు 25 రోజులు దాటితే వేర్లు గుంతలో చుట్టుకుంటాయి. రైతు వాన కోసం ఆగుతున్నాడని ట్రేలు అట్టే పెట్టకండి. వచ్చే ఏడాది నుంచి బుకింగ్ చీటీ మీద విత్తిన తేదీ, విత్తనం లాట్ నంబరు, నారు తీసుకెళ్లాల్సిన గడువు తప్పనిసరిగా రాయాలని కార్యవర్గం తీర్మానించింది.