కార్డిఫ్‌లో పరుగెత్తిన మహిళల గురించీ రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

1958లో కార్డిఫ్‌లో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య, కామన్వెల్త్ క్రీడల ప్రస్తావన మన పత్రికల్లో ఎప్పుడు వచ్చినా, అది మిల్ఖా సింగ్ 440 గజాల పరుగులో దక్షిణాఫ్రికాకు చెందిన మాల్కమ్ స్పెన్స్‌ను ఓడించి స్వర్ణం గెలవడంతో మొదలై అక్కడితోనే ముగుస్తుంది. ఆ విజయాన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. కానీ అదే ఆర్మ్స్ పార్క్ మైదానంలో మహిళలు కూడా పరుగెత్తారనీ, వారిలో ఆతిథ్య దేశమైన వేల్స్ అమ్మాయిలూ ఉన్నారనీ మీ క్రీడా పుటలో ఒక్క వాక్యమైనా చదివిన గుర్తు లేదు.

ఆ కాలపు వేల్స్ పరుగు క్రీడాకారిణి పరిస్థితిని కాస్త ఆలోచించండి. ఒలింపిక్స్‌లో వేల్స్‌కు ప్రత్యేక జట్టు లేదు కనుక, అక్కడికి వెళ్లాలంటే ఆమె ఇంగ్లండ్ అమ్మాయిలతో పోటీపడి బ్రిటన్ జట్టులో చోటు సంపాదించాలి. వేల్స్ పేరుతోనే బరిలో దిగే పెద్ద వేదిక నాలుగేళ్లకోసారి వచ్చే ఈ క్రీడలే. అవి 1950లో ఆక్లండ్‌లోనూ, 1954లో వాంకూవర్‌లోనూ జరిగాయి. సొంత గడ్డపై, సొంత జనం ముందు పరుగెత్తే అవకాశం 1958లో గానీ రాలేదు. అప్పటికి వయసు మీరిన వారికి అదీ దక్కలేదు. పైగా అవి అమెచ్యూర్ నిబంధనల రోజులు. ఎంత వేగంగా పరుగెత్తినా చేతికి డబ్బు వచ్చేది కాదు.

కార్డిఫ్‌లో మహిళలకు పెట్టిన పరుగులు 100 గజాలు, 220 గజాలు, 80 మీటర్ల హర్డిల్స్, 4×110 గజాల రిలే మాత్రమే. మిల్ఖా గెలిచిన దూరం ఆడవారికి లేనే లేదు. ఇది నన్ను నిజంగా బాధించే విషయం. ఆ క్రీడల్లో 220 గజాల్లో రజతం అందుకున్న ఆస్ట్రేలియా క్రీడాకారిణి బెట్టీ కుత్‌బర్ట్, ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్లను తొలిసారి ప్రవేశపెట్టిన 1964లో టోక్యోలో స్వర్ణం గెలిచింది. అంతకుముందు అదే దూరానికి తగిన కాళ్లు ఉండి కూడా, పరుగెత్తే పోటీ లేక ఆగిపోయినవారు ఎందరో.

ఇక ఆనాటి అంకెలను జాగ్రత్తగా చదవాలి. 100 గజాల స్వర్ణం గెలిచిన మార్లీన్ మాథ్యూస్-విలార్డ్ సమయం 10.6 సెకన్లు అని చూసి, నేటి 100 మీటర్ల సమయాలతో పోల్చకూడదు. 100 గజాలంటే 91.44 మీటర్లే. ఆ సమయమూ యంత్రం చెప్పింది కాదు. గమ్యం దగ్గర కూర్చున్న అధికారులు స్టార్టర్ పిస్టల్ పొగ కనబడగానే స్టాప్‌వాచ్ నొక్కి, సెకనులో పదో వంతు వరకే నమోదు చేసేవారు.

పేర్ల చిక్కు ఇంకా పెద్దది. 1952 హెల్సింకి ఒలింపిక్స్ రిలేలో కాంస్యం గెలిచిన బ్రిటన్ జట్టులోని జూన్ ఫౌల్డ్స్, 1956 మెల్‌బోర్న్‌లో రజతం గెలిచిన జూన్ పాల్ ఒకరే. ఆమెతో పాటు ఆ రెండు జట్లలోనూ ఉన్న హెదర్ ఆర్మిటేజ్ కార్డిఫ్‌కు వచ్చేసరికి హెదర్ యంగ్ అయింది. వీరిద్దరూ ఉన్న ఇంగ్లండ్ జట్టే కార్డిఫ్ రిలేలో 45.3 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచింది. ఒలింపిక్ పతక విజేతలే ఇలా రెండు పేర్ల మధ్య చీలిపోతే, పతకం లేని వేల్స్ అమ్మాయి జీవితకథను ఫలితాల పట్టికల్లో వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. పెళ్లితో ఆమె పరుగు ఆగిపోయిందని చదువరి అనుకుంటాడు. నిజానికి ఆమె మరో ఇంటిపేరుతో తర్వాతి వరుసలోనే ఉండవచ్చు.

కాబట్టి ఈసారి కార్డిఫ్ క్రీడలపై వ్యాసం వేసినప్పుడు మహిళల పరుగులకు కనీసం అర కాలమ్ కేటాయించమనీ, క్రీడాకారిణుల పేర్ల పక్కన పుట్టింటి పేరు, పెళ్లి తర్వాతి పేరు రెండూ ముద్రించమనీ, దూరం గజాల్లోనో మీటర్లలోనో స్పష్టంగా చెప్పమనీ మనవి చేస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు