ప్రాజెక్టు కొనుక్కోవడానికా ఎంటెక్?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఎంటెక్ సీట్లు మిగిలిపోతున్నాయని, పిల్లలకు పైచదువుల మీద ఆసక్తి పోయిందని రాశారు. నాలుగు రోజులు ఓర్చుకున్నాను, ఇక ఉండలేక రాస్తున్నాను. తప్పు పిల్లల మీదకు తోయకండి.

మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేసింది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు తమ వంతు ఎప్పుడో ముందే తెలిసేలా ఒక యాప్‌ను తన ప్రాజెక్టుగా చేస్తానంది. పలాస బస్సెక్కి వెళ్లి రోగులతో, వాళ్ల వెంట వచ్చినవాళ్లతో మాట్లాడింది. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మంచం మీద ఉండాల్సినవాళ్లు. చాలామంది చేతిలో బటన్ ఫోనే ఉంది. అది చూసి యాప్ పనికిరాదు, ఫోన్ కాల్ వెళ్లాలి అని రాసుకొచ్చింది. వాడేవాళ్లకు ఏం కావాలో అడిగి తెలుసుకోవడమే ఈ చదువులో మొదటి పాఠమట. నాకు కంప్యూటర్ రాదు గానీ, ఆ నోట్‌బుక్ చూస్తే ముచ్చటేసింది.

ప్రాజెక్టు చూసే గైడ్ గారు ఆ నోట్‌బుక్ తెరవనేలేదు. ‘‘ఇంత టెన్షన్ ఎందుకమ్మా, హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రాజెక్టులు రెడీగా దొరుకుతాయి, అందరూ అక్కడే తెస్తున్నారు’’ అన్నారట. టైటిల్, కోడ్, రికార్డు, పీపీటీ, వైవాలో (మౌఖిక పరీక్షలో) చెప్పాల్సిన జవాబులతో సహా అమ్ముతున్నారట! ఏడురోడ్ల కూడలి దగ్గర బైండింగ్‌కు వెళ్తే బల్ల మీద ఇంకొకరి రికార్డు ఉంది. అందులో స్క్రీన్‌షాట్లన్నీ విండోస్ ఎక్స్‌పీవి అని మా అమ్మాయి చూపించింది. మైక్రోసాఫ్ట్ 2014లోనే వదిలేసిన ఎక్స్‌పీ. అది ఎంతమంది పేరు మీద పాసైందో! దానికీ సంతకాలు పడ్డాయి, మార్కులు మా అమ్మాయికంటే ఎక్కువే పడ్డాయి.

1996లో ఆరియాన్ 5 రాకెట్ ఎగిరిన 40 సెకన్లలోపే పేలిపోయింది. పాత రాకెట్‌కు రాసిన కోడ్‌ను సరిగా పరీక్షించకుండా కొత్తదానిలో పెట్టారు. ఇది పిల్లలకు క్లాసులో చెప్పే పాఠమే. చెప్పే చోటే ఆ పని చేయిస్తే ఏమనాలి?

డబ్బు సంగతీ చెప్పాలి. జాతీయ స్థాయి ‘గేట్’ పరీక్ష స్కోరుతో చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. మా అమ్మాయిలా రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్‌తో చేరినవాళ్లకు అది రాదు. ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ 2020లో జీవో 77తో ఆపేశారు. అప్పు చేసి కట్టాం. తనిఖీ వస్తుందన్న ముందు రోజు ల్యాబ్ తాళం తీసి దుమ్ము దులిపారు. వచ్చినవారు రిజిస్టర్లు చూసి వెళ్లిపోయారు. ఒక్క విద్యార్థినైనా పిలిచి అడిగింది లేదు. రోడ్డయినా, ఆస్పత్రయినా, చదువైనా మన జిల్లాలో కాగితం సరిగ్గా ఉంటే చాలు!

వైవాలో ప్రతి విద్యార్థినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తన కోడ్‌లో ఒక్క మార్పు చేయించండి. దానికి కొత్త జీవో అక్కర్లేదు, అదనంగా పైసా ఖర్చూ లేదు.

ఆ నోట్‌బుక్ మా ఇంట్లోనే ఉంది. డయాలసిస్ కేంద్రాలు చూసే అధికారులు ఎవరు అడిగినా, పలాస వచ్చి వివరించడానికి మా అమ్మాయి సిద్ధంగా ఉంది.

— ఒక విద్యార్థిని తండ్రి, శ్రీకాకుళం