గూగుల్ ట్రెండ్స్ గీత దిగితే పిట్టలు చూసేవాళ్లు తగ్గినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో హాబీల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. స్టాంపుల సేకరణ, నాణేల సేకరణ పక్కన పక్షుల వీక్షణను కూడా చేర్చి, జనానికి వీటి మీద ఆసక్తి పోయిందని రాశారు. సాక్ష్యంగా, ఒక మాటను జనం గూగుల్‌లో ఎంత వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్ గీత ఒకటి వేశారు. అది 2020లో కొండలా లేచి, అక్కడినుంచి మెల్లగా దిగుతూ వచ్చింది. ఆ గీత వల్ల మా స్కూల్లో ఏం జరిగిందో ముందు చెబుతాను.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఏడేళ్లుగా నెలకో ఆదివారం పొద్దున్నే పిల్లల్ని ఉప్పలపాడు చెరువు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఊరి పక్కనే చెరువు, నీళ్ల మధ్యలో తుమ్మచెట్లు, వాటి నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. రెండు బైనాక్యులర్లు కొనివ్వమని స్కూలుకు జూన్‌లో అర్జీ పెట్టుకున్నాను. మీ వ్యాసం వచ్చిన మర్నాడు మా స్కూలు కరస్పాండెంట్ గారు పిలిచి, ఆ కటింగ్ నా ముందు పెట్టి, "టీచర్ గారూ, దీనికి క్రేజ్ తగ్గిపోతోందట కదా, ఆ డబ్బుతో ఇంకేదైనా చూద్దాం" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. పేపర్లో గీత కనిపిస్తే ఎవరైనా నమ్ముతారు.

ఆ రాత్రి వంటిల్లు సర్దుకుని నేనే ఆ సైట్ తెరిచాను. మీ బొమ్మ కింద బర్డ్‌వాచింగ్ అన్న ఇంగ్లిష్ మాట ఒక్కటే ఉంది. ఏ ప్రాంతానిదో లేదు. ఆ మాటను కలిపి కొడితే ఒక గీత వచ్చింది, విడదీసి రెండు మాటలుగా కొడితే ఇంకో గీత వచ్చింది. తెలుగు లిపిలో 'పక్షుల వీక్షణ' అని కొట్టి ఆంధ్రప్రదేశ్ ఎంచుకుంటే గీతే రాలేదు, చూపించడానికి సరిపడా సమాచారం లేదని వచ్చింది. మరీ తక్కువమంది వెతికిన మాటను గూగుల్ సున్నా కింద లెక్కగడుతుంది. అసలు 'పక్షుల వీక్షణ' అని మనలో ఎవరంటారు? మా పిల్లలు "పిట్టలకెళ్దాం" అంటారు.

పోనీ పిట్టల పేర్లతో చూద్దామా అంటే అదీ చిక్కే. మా తొమ్మిదో తరగతి పిల్లవాడు లకుముకి పిట్ట బొమ్మ కోసం కింగ్‌ఫిషర్ అని వెతికితే బీరు సీసాలు కూడా వచ్చాయి. గద్దను ఇంగ్లిష్‌లో కైట్ అంటారు. సంక్రాంతి గాలిపటాలు, షేర్లు కొనే యాప్ ఒకటి కూడా ఆ మాట కిందికే వస్తాయి. స్విఫ్ట్, క్రేన్ కూడా పిట్టల పేర్లే, కానీ వెతికితే స్విఫ్ట్ అంటే కారు, క్రేన్ అంటే బరువులెత్తే యంత్రం. ట్రెండ్స్‌లో మాట బదులు 'అంశం' ఎంచుకునే వీలుంది, అప్పుడు వేరే భాషల్లో వేరే స్పెల్లింగులతో వెతికినవి కూడా ఒకచోటికి చేరతాయి. అది కొంత మేలు. మీ వ్యాసంలో అలా చేశారో లేదో తెలియలేదు.

పాలపిట్ట అని వెతికి చూడండి. దసరా దగ్గర గీత నిట్టనిలువుగా లేచి, పండగ దాటగానే పడిపోతుంది. విజయదశమి నాడు పాలపిట్ట కనబడితే మంచిదని తెలంగాణలో గట్టి నమ్మకం, అక్కడ అది రాష్ట్ర పక్షి కూడా. ఆ సాయంత్రం ఊరి బయటికి నడిచి, కరెంటు తీగ మీద నీలిరెక్కల పిట్టను కళ్లారా చూసినవాళ్లు ఆ గీతలో ఉండరు. ఫోన్లో బొమ్మ దొరికించుకుని శుభాకాంక్షలు పంపినవాళ్లు ఉంటారు. (చూపించి డబ్బులు తీసుకోవడానికి ఆ పిట్టను పట్టి పంజరంలో పెట్టేవాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. అది చట్టప్రకారం నేరం కూడా.) మార్చి 20 పిచ్చుకల దినం. పిచ్చుక అన్న మాట అప్పుడు లేస్తే అది పేపర్లూ టీవీలూ గుర్తుచేసినందుకే గాని, ఆ వారం కొత్తగా పిచ్చుకల్ని చూసేవాళ్లు పుట్టుకొచ్చి కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఆ గీత మనుషుల సంఖ్యను చూపించదు. మనం ఎంచుకున్న చోట, ఆ సమయంలో గూగుల్‌లో జరిగిన మొత్తం వెతుకులాటల్లో ఈ మాట వాటా ఎంతో చూసి, వాటా అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న సమయానికి 100 పెట్టి, మిగతావన్నీ దానితో పోల్చి వేస్తుంది. మా పిల్లలకు బోర్డు మీద ఇలా చెప్పాను. మొదట్లో 1,000 వెతుకులాటల్లో 10 పిట్టల గురించి అనుకుందాం, అంటే నూటికి ఒకటి. తర్వాత మొత్తం 1,00,000 అయ్యాయి, అందులో పిట్టలవి 200. అంటే నూటికి 0.2. పిట్టల కోసం వెతకడం 20 రెట్లు పెరిగింది, గీత మాత్రం 100 నుంచి 20కి పడిపోయింది. మన దేశంలోనూ ఇలాంటిదే జరిగి ఉండొచ్చు. ట్రెండ్స్ లెక్కలు 2004 నుంచి ఉన్నాయి. అప్పుడు మన దగ్గర నెట్ వాడేది ఎక్కువగా పట్నాల్లో ఇంగ్లిష్ వచ్చినవాళ్లు. 2016 తర్వాత డేటా చవకై, పొలం గట్టు మీద కూడా ఫోన్ వచ్చింది. ఫలితాలు, సినిమాలు, క్రికెట్ స్కోర్లు, వంటలు, మందుల పేర్లు అన్నీ అక్కడే వెతుకుతున్నారు. ఆ సముద్రంలో ఏ పాత హాబీ వాటా అయినా చిన్నదవుతుంది.

మీ వ్యాసం 2020 నాటి ఎత్తు నుంచి లెక్క మొదలుపెట్టడం కూడా నన్ను బాధించింది. అది లాక్‌డౌన్ ఏడాది. రోడ్ల మీద చప్పుడు ఆగి, జనం బాల్కనీల్లో నిలబడి గోరువంకల్నీ పికిలి పిట్టల్నీ చూసిన రోజులవి. చాలా దేశాల్లో అదే జరిగింది. వరద వచ్చిన రోజు కృష్ణలో నీటిమట్టం కొలిచి, ఆ తర్వాత నది ఎండిపోతోందని రాస్తే ఎలా ఉంటుంది?

గూగుల్ వాళ్లకే ఒకసారి ఇలాంటి దెబ్బ తగిలింది. జనం వెతికే మాటల్ని బట్టి అమెరికాలో ఫ్లూ ఎంతమందికి వచ్చిందో చెబుతామని 2008లో గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ మొదలుపెట్టారు. 2012-13 చలికాలంలో అది చెప్పిన అంచనా, డాక్టర్ల దగ్గరికి వెళ్లినవారి లెక్కకు దాదాపు రెట్టింపు వచ్చింది. ఫ్లూ వార్తలకు టెన్షన్ పడిన ఆరోగ్యవంతులు కూడా వెతకడం అందుకు ఒక కారణమని తర్వాత పరిశీలించినవాళ్లు చెప్పారు. 2015లో దాన్ని ఆపేశారు.

ఇంకొకటి, హాబీలో దిగినవాడు దాని పేరు వెతకడు. మొన్న మా 34 మంది పిల్లల్ని అడిగాను, బర్డ్‌వాచింగ్ అని గూగుల్‌లో ఎప్పుడైనా కొట్టారా అని. ముగ్గురు చేతులెత్తారు. మిగతావాళ్లు తెలియని పిట్ట కనిపిస్తే కూతను బట్టి పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌కు కూత వినిపిస్తారు, లేకపోతే ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆ ప్రశ్నలు గూగుల్ దాకా వెళ్లవు. ఇక ఏ ప్రశ్నా అవసరం లేనివాళ్లు ఉన్నారు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి అనే పిట్ట 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని చీకట్లో పట్టుకున్నది అక్కడి పిట్టలవాడు ఐతన్న. ఉప్పలపాడులో చెరువు గట్టున మాకు టీ కాచి ఇచ్చే పెద్దాయన, గూడబాతులు ఈసారి ఎన్నాళ్లు ముందొచ్చాయో నోటిలెక్కన చెబుతారు. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను.

మరి ఎలా కొలవాలి అంటారా? పిట్టల విషయంలో మనకు అదృష్టవశాత్తూ మంచి దారి ఉంది. 2002లో మొదలైన ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పిట్టల్ని చూసినవాళ్లు తేదీ, చోటు, సమయం, ఏ పిట్టలు ఎన్ని అని జాబితా పెడతారు, ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే ప్రపంచ పక్షుల లెక్కింపులో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. కనీసం 15 నిమిషాలు నిలబడి చూస్తే చాలు, ఎవరైనా చేరొచ్చు. నీటిపక్షులకు ఏటా జనవరిలో జరిగే ఆసియా లెక్కింపు 1987 నుంచి ఉంది. వీటిలోనూ లోటు లేదనను. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు, యాప్ వాడకం పెరిగితే జాబితాలు పెరుగుతాయి. అయినా అక్కడ ఉన్నది పొద్దున్నే లేచి బయటికి వెళ్లిన మనిషి.

మా స్కూలుకైతే నా రిజిస్టర్ ఉంది. 2018లో మొదటి ఆదివారం వచ్చింది ఏడుగురు. ఇప్పుడు 34. వర్షం వచ్చిన ఆదివారాలు, పరీక్షల నెలలు, ఒక్కరూ రాని ఒక డిసెంబర్ పొద్దు కూడా అందులో రాసి ఉన్నాయి. దాన్ని కరస్పాండెంట్ గారికి చూపించాను. ఓపిగ్గా తిరగేసి, చూద్దామన్నారు.

మీ వ్యాసం రాసినవారి మీద నాకు కోపం లేదు. మన జనం ఏం ఇష్టపడుతున్నారో తెలుసుకోవాలనే ఆ ప్రయత్నం మంచిదే. నా విన్నపం చిన్నది. ఇలాంటి గీత వేసినప్పుడు ఏ మాట కొట్టారో, ఏ భాషలో కొట్టారో, ఏ ప్రాంతానికో, ఎప్పటినుంచి ఎప్పటివరకో గీత కిందే అచ్చువేయండి. ఇది సంఖ్య కాదు, వాటా అని ఒక ముక్క రాయండి. ఆ హాబీ చేసేవాళ్లను ఇద్దరు ముగ్గురినైనా అడగండి.

మా దగ్గర ఉన్నది ఒకటే బైనాక్యులర్, మా నాన్నగారు వాడినది. 34 మందికి వంతులు వేస్తే ఒక్కొక్కరికి కొద్దిసేపే వస్తుంది, తన వంతు వచ్చేలోపు ఎర్రకాళ్ల కొంగ ఎగిరిపోయిందని ఆరో తరగతి పాప కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈ ఉత్తరం అచ్చయితే ఈ కటింగ్ కూడా కరస్పాండెంట్ గారి బల్ల మీద పెడతాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచర్,
గుంటూరు