సారా వాన్ మళ్లీ తన శ్రుతికి వచ్చింది: సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

జాజ్ స్టాండర్డ్స్, అంటే జాజ్ కళాకారులు తరతరాలుగా పాడుతూ వాయిస్తూ వస్తున్న పాటలు. ఆ ఎల్‌పీ రికార్డులను డిజిటల్‌లోకి ఎక్కించే పని పూర్తయింది. మొత్తం 38 రికార్డులు. దాదాపు అన్నీ పియానో ట్రయోలూ (ముగ్గురి బృందాలు), ట్రయో తోడుతో పాడిన గాయకుల ఆల్బమ్‌లూ. ఒక పియానో, ఒక బేస్, డ్రమ్స్, మీద ఒక గొంతు. అంతకు మించి ఏమీ లేని సంగీతం కాబట్టి ఏ చిన్న లోపమూ దాగదు. అడగ్గానే సలహా చెప్పినవాళ్లకీ, పరికరాలూ రికార్డులూ అరువిచ్చినవాళ్లకీ, ఫైళ్లు ఓపిగ్గా విని తప్పులు పట్టినవాళ్లకీ మనస్ఫూర్తిగా నమస్కారాలు. ఎవరి సాయం ఎక్కడ అక్కరకొచ్చిందో వివరంగా రాస్తున్నాం. ఇదే పనికి దిగేవాళ్లకు దారి తెలుస్తుంది.

ముందుగా సికింద్రాబాద్‌లో పాత రికార్డు ప్లేయర్లు బాగుచేసే మాస్టారికి. న్యూజెర్సీ నుంచి వచ్చిన బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌ని 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలిస్తే తిరిగింది గానీ, జాజ్ గాయని సారా వాన్ గొంతు మగగొంతులా వినిపించింది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికా కరెంటు 60 హెర్ట్‌జ్, మనది 50. సింక్రనస్ మోటారు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 27.8 దగ్గరే ఆగిపోతుంది. అంటే శ్రుతి మూడు అర్ధస్వరాలకు (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య తేడా ఒక అర్ధస్వరం) పైగా దిగిపోయినట్టు. మాస్టారు ఒక్క నిమిషంలో సంగతి పట్టేసి, పాతదానికి 1.2 రెట్ల వ్యాసంతో కొత్త పుల్లీని లేత్ మీద చేయించి ఇచ్చారు. వేగం సరిపోతే గీతలు నిలిచినట్టు కనిపించే స్ట్రోబ్ డిస్క్ విషయంలోనూ జాగ్రత్త చెప్పారు: 33⅓కి మన దేశంలో 180 గీతలున్న వలయం చూడాలి, 216 గీతలది 60 హెర్ట్‌జ్ దేశాలకు. ఎల్‌ఈడీ బల్బు వెలుగులో ఆ గీతలు సరిగా తేలవు, నియాన్ బల్బు కింద చూడాలి.

విజయనగరం వయొలిన్ మేడమ్ గారికి జాజ్ కొత్త. గాయకుడు టోనీ బెనెట్, పియానిస్ట్ బిల్ ఎవాన్స్ కలిసి చేసిన 1975 ఆల్బమ్ పంపితే, రెండో పాట సగంలో ఆపి "గొంతు నిలకడగానే ఉందండీ, పియానో శ్రుతే ఊగుతోంది" అన్నారు. ఆ ఆల్బమ్‌లో బేస్ లేదు, డ్రమ్స్ లేవు. పియానో స్వరం ఒంటరిగా నిలబడి సాగుతుంది కాబట్టి ఊగు స్పష్టంగా బయటపడుతుంది. గొంతులో అయితే గమకంలో కలిసిపోయేది. లెక్క చూస్తే ఊగు సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తోంది, అది రికార్డు ఒక చుట్టు తిరిగే కాలం. అంటే నడిమి రంధ్రం కేంద్రంలో లేదు. అర మిల్లీమీటరు పక్కకు పోయినా లోపలి గాళ్ల (ముల్లు నడిచే సన్నటి చాళ్ల) దగ్గర వేగం అటూ ఇటూ 0.8 శాతం మారుతుంది, అర్ధస్వరంలో దాదాపు ఏడో వంతు. శ్రుతి తెలిసిన చెవి దాన్ని భరించదు. రంధ్రాన్ని సన్నటి గరుకు కాగితంతో కాస్త వెడల్పు చేసి, ముల్లును మోసే టోన్‌ఆర్మ్ పక్కలకు ఊగడం ఆగేదాకా రికార్డును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ కూర్చున్నాం. ఒక్కో రికార్డుకు పావుగంట పట్టింది. వేళ్లకు నొప్పి, చెవులకు పండగ.

శుభ్రం చేసే ద్రావణం గుంటూరు కెమిస్ట్రీ లెక్చరర్ గారిది. లీటరుకి 800 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 200 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వాసన లేని గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు. ఆ తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగాలి. బోరు నీళ్లు వద్దు, ఆరాక గాళ్లలో తెల్లటి పొర మిగులుతుంది. 78 ఆర్‌పీఎం లక్క రికార్డుల మీద ఈ ద్రావణం చుక్క కూడా పడకూడదు, ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది.

ముల్లు బరువు 2 గ్రాములు పెట్టాం. తేలిగ్గా ఉంటే రికార్డు అరగదనుకుని 1.5కి దించితే, లోపలి గాళ్లలో గాయని "స" అన్నచోటల్లా ముల్లు తడబడి గరగరలాడింది. అలా తడబడే ముల్లే గాడి గోడల్ని ఎక్కువ చెక్కేస్తుంది.

ఇక బెంగళూరులో సౌండ్ ఇంజినీరుగా పనిచేస్తున్న తమ్ముడికి ఎన్నిసార్లు థ్యాంక్స్ చెప్పినా తక్కువే. చిటపటలు తీసే సాఫ్ట్‌వేర్ నడిపి పంపిన మొదటి ఫైలును అతను ఒప్పుకోలేదు. "తీసేసింది ఏంటో ఒకసారి వినండన్నా" అంటూ పద్ధతి చెప్పాడు: అసలు ఫైలును తలకిందులు చేసి, అంటే ఇన్వర్ట్ చేసి, శుభ్రం చేసిన ఫైలుతో కలపాలి. రెండింట్లో ఒకేలా ఉన్నది చెల్లిపోయి, సాఫ్ట్‌వేర్ తీసేసిందే మిగులుతుంది. అందులో దుమ్ము చిటపటలు మాత్రమే వినిపించాలి. మాకు తాళం వినిపించింది! 1957లో షికాగో మిస్టర్ కెల్లీస్ క్లబ్బులో సారా వాన్ వెనక డ్రమ్మర్ రాయ్ హేన్స్ స్నేర్ డ్రమ్ మీద తీగల బ్రష్‌లతో వేసిన నడక, తుంపులు తుంపులుగా, చెత్తబుట్టలో. బ్రష్ తీగ డ్రమ్ చర్మాన్ని తాకిన క్షణం కంప్యూటర్‌కి దుమ్ము చప్పుడులాగే కనిపిస్తుంది. అప్పటినుంచి ఆటోమేటిక్ సవరణ పాటల మధ్య ఖాళీలకే పరిమితం. పాటలో పెద్ద టక్కులు వస్తే వేవ్‌ఫామ్ పెద్దది చేసి ఒక్కొక్కటీ చేత్తో దిద్దాం. రొదను తగ్గించే నాయిస్ రిడక్షన్ అసలు ముట్టుకోలేదు. పియానో స్వరం చల్లారేచోట అది నీళ్ల అడుగున మోగినట్టు చేస్తుంది.

మోనో రికార్డులకు అతనిదే ఇంకో సలహా. స్టీరియో క్యాట్రిడ్జ్‌తో (ముల్లు కదలికను కరెంటుగా మార్చే భాగం) ఎక్కించి రెండు చానళ్లూ కలిపితే, ముల్లు పైకీ కిందికీ కదలడం వల్ల పుట్టే రొద చాలావరకు చెల్లిపోతుంది. కలిపాక పై స్థాయి శబ్దాలు మందగిస్తే క్యాట్రిడ్జ్ పక్కకు ఒరిగిందని అర్థం. గాడి ఒక గోడ బాగా అరిగిపోయి ఉంటే కలపకుండా మంచి చానల్ ఒక్కటే తీసుకోవాలి.

ఏది లోపం, ఏది కాదు అని తేల్చింది పాతికేళ్లుగా ఈ రికార్డులు వింటున్న హ్యూస్టన్ బాబాయి గారు. షికాగోలోనే లండన్ హౌస్‌లో 1958లో రికార్డైన ఆల్బమ్‌లో, "థ్యాంక్స్ ఫర్ ద మెమరీ" పాటలో సారా వాన్ "పార్థినాన్" అనే మాట దగ్గర తడబడి మళ్లీ మొదలెడుతుంది. ముల్లు గాడి దాటిందనుకుని కత్తిరించబోయిన చేతిని ఆయనే ఆపారు. బిల్ ఎవాన్స్ ట్రయో 1961 జూన్ 25న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించినప్పటి గాజు గ్లాసుల చప్పుడు, జనం మాటలు అలాగే ఉండాలన్నారు. పదకొండు రోజులకే బేసిస్ట్ స్కాట్ లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఆ రోజు గదిలో వినిపించినదంతా మనకు కావాలి. పియానిస్ట్ కీత్ జారెట్ 1983 స్టాండర్డ్స్ రికార్డుల్లో పియానోతో పాటు సాగే మూలుగు జారెట్‌దే, మోటారుది కాదు. పియానిస్ట్ ఎరల్ గార్నర్ 1955 కార్మెల్ కచేరీలో బేస్ వినీ వినపడనట్టు ఉండిపోయింది, ఈక్వలైజర్‌తో పైకి లాగితే రొద కూడా దాంతో పాటే లేస్తుంది. వదిలేశాం.

ఫైళ్లన్నీ 24 బిట్, 96 కిలోహెర్ట్‌జ్. అతి పెద్ద శబ్దం కూడా గరిష్ఠ స్థాయికి 6 డెసిబెల్స్ కిందే ఉండేలా చూసుకున్నాం. నలభై నిమిషాల స్టీరియో ఆల్బమ్‌కి దాదాపు 1.4 జీబీ పట్టింది, అందుకని పెద్ద డిస్కు అరువిచ్చిన వరంగల్ అక్కకీ కృతజ్ఞతలు.

రికార్డులు ఇచ్చినవాళ్లందరికీ ఈ వారంలో తిరిగి పంపుతున్నాం. లోపలి సంచీతో సహా ఎల్‌పీని అట్టకవర్లోంచి తీసి, కవర్ వెనక విడిగా పెట్టి ప్యాక్ చేస్తున్నాం. అలా చేయకపోతే దారి కుదుపులకు రికార్డు అంచు కవర్ అతుకును చీల్చేస్తుంది. అందగానే మళ్లీ కవర్లో పెట్టుకునే ముందు ఒక రోజు నిలబెట్టి ఉంచండి, పెట్టెలో తేమ పట్టి ఉంటే ఆరిపోతుంది.