మాటలు లేని కథ: మన సంగీత సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

సాహిత్యం తోడు లేకుండా వాద్యం ఒక్కటే కథను ఎలా నడిపిస్తుందన్న అంశానికే ఈ ఏడాది శ్రవణ గోష్ఠులన్నీ కేటాయించాలని గత సర్వసభ్య సమావేశం తీర్మానించింది. కీర్తన వింటున్నప్పుడు మనసు ముందుగా మాటను పట్టుకుంటుంది; వీణ మీద వాయించినా తెలిసిన కృతి అయితే లోలోపల సాహిత్యాన్నే పాడుకుంటాం. ఆ ఆసరా లేనప్పుడు చెవి ఏం వింటుందో గమనించాలన్నది కార్యవర్గం ఉద్దేశం.

ఎక్కువ గోష్ఠులు చెక్ స్వరకర్త స్మెతనా, ప్రాగ్ నగరం మీదుగా పారే వల్తవా నది ప్రయాణాన్ని చిత్రిస్తూ రచించిన ‘వల్తవా’ మీద జరిగాయి. తన దేశాన్ని గురించి ఆయన కూర్చిన ఆరు వాద్యబృంద రచనల్లో ఇది రెండవది. 1874 చివరలో పూర్తయి, 1875 ఏప్రిల్ 4న ప్రాగ్‌లో మొదటిసారి వినిపించింది. దీన్ని రాసేనాటికే ఆయన వినికిడి పూర్తిగా పోయిందన్న సంగతి తెలిశాక, మరోసారి వినిపించమని సభ్యులే కోరారు.

మొదట పేరు గాని, కథ గాని చెప్పకుండా వినిపించాం. రెండు వేణువులు సన్నగా పారే స్వరాలతో మొదలుపెడతాయి, వాటితో క్లారినెట్లు కలుస్తాయి, ఆ రెండు ధారల మీదుగా వయొలిన్లు, ఓబోలు అనే ఊదే వాద్యాలు అసలు రాగాన్ని ఎత్తుకుంటాయి. తరువాత కొమ్ముబూరలతో వేట, పోల్కా అనే చెక్ నృత్యపు నడకలో పల్లె పెళ్ళి, వెన్నెలలో జలకన్యల ఆట, బండల మధ్య సుడులు తిరిగే ప్రవాహం వరుసగా వస్తాయి. మన పరిభాషలో చెప్పాలంటే, అంతవరకు నఠభైరవి రాగానికి దగ్గరగా, సాధారణ గాంధారంతో, అంటే కాస్త దిగువనున్న ‘గ’ స్వరంతో నడిచిన నది రాగం, సుడులు దాటి ప్రాగ్ వైపు విశాలంగా సాగేటప్పుడు అంతర గాంధారంతో, అంటే దానికి పైనున్న ‘గ’తో, శంకరాభరణ రాగపు వెలుగులోకి వస్తుంది. కథ మలుపు తిరిగిందని చెవికి తెలియడానికి ఆ మార్పు చాలు.

విన్నవారిలో కొందరు నది అన్నారు, కొందరు ప్రయాణం అన్నారు, కొందరు ఒక మనిషి జీవితం అన్నారు. అయితే చిన్నగా మొదలై పెరగడం, నడుమ వేడుక, ఆ తరువాత ప్రశాంతత, అలజడి, చివరికి విస్తారం అనే క్రమాన్ని అందరూ ఒకే తీరుగా పట్టుకున్నారు. వాద్యం ఊరి పేరునూ నది పేరునూ చెప్పలేదు, అవి శీర్షిక నుంచి రావలసినవే. స్థితి ఎలా మారిందో, ఏది ముందో ఏది వెనుకో మాత్రం మాట కంటె సూటిగా చెబుతుందని కార్యవర్గం అభిప్రాయపడుతోంది.

ఈ దృష్టితోనే వీణ గోష్ఠి జరిపాం. చిట్టిబాబు గారి ‘కొమ్మలో కోయిల’లో తీగను లాగి పలికించిన కూత అందరినీ అలరించింది. అది అపురూపమైన పనితనమే గాని, అనుకరణ ఒక్కటే కథ కాదు; ఆ కూత చుట్టూ రాగం మెలమెల్లగా విచ్చుకోవడం వల్లనే తోట కళ్ళకు కడుతుంది. ఆయన గురువు, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు ఎవరెస్టు ఆరోహణను ఇతివృత్తంగా తీసుకొని ‘ఆదర్శ శిఖరారోహణం’ కూర్చారు. శిఖరానికి కూత ఉండదు గనుక అక్కడ అనుకరించడానికి ఏమీ లేదు. ఎక్కే శ్రమను స్వరగతి ద్వారానే వినిపించాలి.

మన పెళ్ళిళ్ళలో సన్నాయి, డోలు చేసే పని గురించీ చర్చ జరిగింది. మంత్రాలు వినబడనంత దూరాన, భోజనాల పందిట్లో ఉన్నవారికి కూడా గట్టిమేళం మోగగానే మాంగల్యధారణ జరుగుతోందని తెలిసి అక్షతల కోసం చేతులు లేస్తాయి. ఆ మేళాన్ని పెద్ద పెద్ద స్పీకర్ల హోరులో ముంచెత్తడం తగదని సభ్యులు ఆవేదన వ్యక్తం చేశారు. తమ ఇళ్ళ శుభకార్యాల్లో ఆ కాసేపు స్పీకర్లు ఆపించాలని కార్యవర్గం మనవి చేస్తోంది.

తనిఖీ అయిన జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతచేశాం. వచ్చే ఏడాది ఆలయాల్లో ఊరేగింపు వేళ సన్నాయి విద్వాంసులు వాయించే పద్ధతులను వారి సమక్షంలోనే విని తెలుసుకొనే గోష్ఠులు నిర్వహించాలని, విద్వాంసులకు సముచిత సంభావన ఇవ్వడానికి ప్రత్యేక నిధి ఏర్పాటు చేయాలని ప్రతిపాదిస్తూ, ఈ నివేదికను సభ ఆమోదం కోసం సమర్పిస్తున్నాం.